గూగుల్ షీట్స్‌లో వరుసలు సర్దడం: డోర్ నంబర్లు తేదీలవుతున్నాయి, సార్ట్ చేస్తే పేర్లు తారుమారు

కాలనీ_ఖాతా అడిగిన ప్రశ్న:

మా కాలనీ మెయింటెనెన్స్ లెక్కలు గూగుల్ షీట్స్‌లో ఉన్నాయి. హెడ్డింగ్ కాక 186 వరుసలు. ఎడిట్ చేసేవాళ్ళు ఆరుగురు. కాలమ్‌లు ఇవి: ఏ డోర్ నంబరు, బి ఇంటి యజమాని పేరు (తెలుగులో), సి ఫోన్, డి వీధి, ఇ కట్టిన తేదీ, ఎఫ్ కట్టిన మొత్తం, జి నిల్వ బాకీ. జిలో ఉన్న ఫార్ములా పై వరుసలోని బాకీని తీసుకుని లెక్క కడుతుంది.

ఇప్పుడున్న ఇబ్బందులు:

పేర్లను అకారాది క్రమంలో పెట్టాలని ఎవరో బి కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. పేర్లు కదిలాయి, మిగతా కాలమ్‌లు కదల్లేదు. ఒకరి పేరు పక్కన ఇంకొకరి డోర్ నంబరు ఉంది. ఇది జరిగి రెండు రోజులైంది, ఆ తర్వాత కొత్త వసూళ్ళు కూడా ఎక్కాయి.

డోర్ నంబర్లలో 5-3-12 లాంటివి 05/03/2012 అయిపోయాయి. తేదీలు కాకుండా మిగిలినవి సార్ట్ చేస్తే 5-10-3 ముందొచ్చి 5-2-7 తర్వాత వస్తోంది.

వీధి పేరు ఒక్కోదాన్ని ఇరవై ముప్ఫై వరుసలకు మెర్జ్ చేసి (ఒకే సెల్‌గా కలిపి) పెట్టారు. మొత్తం షీట్ సార్ట్ చేయబోతే నిలువు మెర్జ్‌లున్నాయి, కుదరదు అంటోంది.

ఇ కాలమ్‌లో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి అంటుకుని ఉన్నాయి. సార్ట్ చేస్తే రెండు గుంపులుగా విడిపోతున్నాయి.

ఫిల్టర్‌లో గాంధీనగర్ వీధి రెండుసార్లు కనిపిస్తోంది. స్పెల్లింగ్‌లో తేడా లేదు.

వీధి వారీగా, అందులో డోర్ నంబరు వరుసగా ఉండాలి. కోశాధికారికి మాత్రం బాకీ ఎక్కువ ఉన్నవాళ్ళు పైన కనబడాలి. ఒకరు ఫిల్టర్ పెడితే అందరి స్క్రీన్ మారిపోతోంది, దానికీ దారి చెప్పండి.

---

వరుసక్రమం జవాబు:

ముందు పేర్ల సంగతి. మిగతావన్నీ దాని తర్వాతే. డోర్ నంబర్లు గానీ వీధులు గానీ ఇప్పుడే ముట్టుకోకండి, కారణం కింద చెప్తాను.

ఒక మాట: ఫార్ములా పేర్లు, కాలమ్ అక్షరాలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. షీట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ, సీ వెర్షన్ హిస్టరీ తెరవండి. కుడి పక్కన తేదీలు, సమయాలు, ఎవరు మార్చారో రంగులతో సహా వస్తాయి. పేర్లు చెదిరిన దానికి సరిగ్గా ముందున్న వెర్షన్ పట్టుకోండి. అక్కడ పైన కనిపించే రీస్టోర్ బటన్ మాత్రం నొక్కకండి. అది ఫైల్ మొత్తాన్ని రెండు రోజుల వెనక్కి తీసుకుపోతుంది, ఈ రెండు రోజుల్లో ఎక్కిన వసూళ్ళు ఇప్పటి షీట్‌లోంచి పోతాయి. దాని బదులు ఆ వెర్షన్ పక్కన మూడు చుక్కలు నొక్కి మేక్ ఎ కాపీ ఇవ్వండి. పాత స్థితి వేరే ఫైల్‌గా వస్తుంది.

ఆ కాపీలో కింద ట్యాబ్ పేరు పక్కనున్న బాణం నొక్కి, కాపీ టు, ఎగ్జిస్టింగ్ స్ప్రెడ్‌షీట్ ద్వారా మీ అసలు ఫైల్‌లోకి ఒక ట్యాబ్‌గా తెచ్చుకోండి. దానికి పాతది అని పేరు పెట్టండి. ఇక అసలు షీట్‌లో ఖాళీ కాలమ్ ఒకటి తీసుకుని, రెండో వరుసలో ఇలా రాయండి:

=ఎక్స్‌లుకప్(ఏ2, పాతది!ఏ:ఏ, పాతది!బి:బి, "దొరకలేదు")

కింది దాకా లాగితే ప్రతి డోర్ నంబరుకూ పాత పేరు వస్తుంది. "దొరకలేదు" అని వచ్చినవి ఈ రెండు రోజుల్లో కొత్తగా చేర్చిన వరుసలు. అవి చేత్తో చూసుకోవాలి. ఒకే డోర్ నంబరు మీద రెండు పోర్షన్లు, ఇద్దరు యజమానులు ఉంటే ఎక్స్‌లుకప్ మొదటి పేరునే రెండింటికీ ఇస్తుంది, వాటినీ విడిగా సరిచూడండి. తర్వాత ఆ కాలమ్ కాపీ చేసి బి మీద కంట్రోల్ షిఫ్ట్ వి కొట్టండి. విలువలు మాత్రమే పడతాయి, ఫార్ములా పడదు.

డోర్ నంబర్లు ఇప్పుడే సరిచేయొద్దన్నది అందుకే. తేదీగా మారిన డోర్ నంబరు పాత ట్యాబ్‌లోనూ తేదీగానే ఉంటుంది కాబట్టి రెండూ కలుస్తాయి. ఒక పక్క సరిచేసి ఇంకో పక్క వదిలేస్తే ఆ ఇళ్ళన్నీ "దొరకలేదు" అంటాయి.

పాత పేర్ల కాలమ్‌ను కాపీ చేసి నేరుగా అతికిస్తే చాలదా అనిపిస్తుంది. ఈ రెండు రోజుల్లో మధ్యలో ఒక్క వరుస చేర్చినా, తీసేసినా, అక్కడి నుంచి కింద ఉన్న పేర్లన్నీ ఒక ఇల్లు జరుగుతాయి. పైన సరిగ్గా ఉండి కింద తప్పడం వల్ల చూసినవాళ్ళు పట్టుకోలేరు కూడా. డోర్ నంబరుతో వెతికించడమే నమ్మకం.

ఇది ఎందుకు జరిగిందంటే, డేటా మెనూలో రెండు సార్ట్‌లున్నాయి. సార్ట్ షీట్ అన్నది ఫ్రీజ్ చేసిన వరుసలు వదిలి మిగతా షీట్ మొత్తాన్ని, వరుసకు వరుస కలిపి కదుపుతుంది. సార్ట్ రేంజ్ అన్నది మీరు సెలెక్ట్ చేసిన సెల్స్‌ను మాత్రమే కదుపుతుంది. ఎక్సెల్‌లో ఒక్క కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ కొడితే పక్క కాలమ్‌లనూ కలపమంటారా అని అడుగుతుంది. ఆ అలవాటుతో వచ్చినవాళ్ళు ఇక్కడా అడుగుతుందనుకుంటారు. అడగదు.

అందుకని ముందుగా వ్యూ మెనూలో ఫ్రీజ్, వన్ రో పెట్టండి. అది లేకుండా సార్ట్ షీట్ కొడితే హెడ్డింగ్ కూడా పేర్లలో కలిసిపోతుంది. ఒకటికి మించిన కాలమ్‌లతో సార్ట్ కావాలంటే ఏ1 నుంచి చివరి సెల్ దాకా సెలెక్ట్ చేసి, డేటా, సార్ట్ రేంజ్, అడ్వాన్స్‌డ్ రేంజ్ సార్టింగ్ ఆప్షన్స్‌కి వెళ్ళి, డేటా హ్యాజ్ హెడర్ రో టిక్ చేయండి. టిక్ చేయగానే ఏ, బి, సి బదులు మీ కాలమ్ పేర్లే కనిపిస్తాయి. పేర్లు కనిపించకపోతే సెలెక్షన్ హెడ్డింగ్ దగ్గర మొదలవలేదని అర్థం. యాడ్ అనదర్ సార్ట్ కాలమ్‌తో వీధి, దాని కింద డోర్ నంబరు ఇవ్వొచ్చు.

ఇంకొకటి, సార్ట్ చేశాక పాత వరుసకు తిరిగి వెళ్ళే బటన్ ఏదీ లేదు. వెంటనే అయితే అన్‌డూ ఉంది, తర్వాతైతే పైన చెప్పిన వెర్షన్ హిస్టరీయే. కాబట్టి మొదట్లోనే క్రమ సంఖ్య కాలమ్ ఒకటి పెట్టి 1, 2, 3 అని అంకెలే వేయండి. =రో()-1 అని ఫార్ములా పెడితే సార్ట్ చేసిన ప్రతిసారీ మళ్ళీ పైనుంచి లెక్క పెట్టుకుంటుంది, పాత క్రమం దాంట్లో మిగలదు.

---

గడి_నుడి జవాబు:

పేర్లు కుదిరాక మెర్జ్‌లు తీయాలి, అప్పుడు డోర్ నంబర్లు.

డి కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి ఫార్మాట్, మెర్జ్ సెల్స్, అన్‌మెర్జ్. ఇప్పుడు వీధి పేరు ప్రతి గుంపులో మొదటి వరుసలోనే ఉంటుంది, మిగతావి ఖాళీ. ఇక్కడ తొందరపడి సార్ట్ చేస్తే ఇక దిద్దడానికి ఉండదు. ఖాళీ సెల్స్ ఎప్పుడూ అట్టడుగుకు పోతాయి, ఏ ఇల్లు ఏ వీధిదో చెప్పే ఆధారం పోతుంది. ముందు నింపాలి. హెచ్ కాలమ్ ఖాళీగా ఉందనుకుంటే హెచ్2లో:

=ఇఫ్(డి2="", హెచ్1, డి2)

చివరి దాకా లాగండి. ఖాళీ ఉన్నచోట పై పేరు దిగుతుంది. ఈ ఫార్ములా పై వరుస మీద ఆధారపడింది కాబట్టి దీన్ని ఫార్ములాగా ఉంచి సార్ట్ చేయకూడదు. హెచ్‌ను కాపీ చేసి డి మీద విలువలుగా అతికించి, హెచ్ తీసేయండి. ప్రతి వరుసలోనూ వీధి పేరు మళ్ళీ మళ్ళీ కనబడటం కంటికి బాగోదు, నిజమే. కానీ ఒక వరుసను ఎక్కడికి తీసుకెళ్ళినా దాని వివరాలన్నీ దానిలోనే ఉండాలి. అందం కావాలంటే ప్రింట్ తీసే ట్యాబ్ వేరే పెట్టుకుని అందులో చేసుకోవచ్చు.

డోర్ నంబర్లు. ఏ కాలమ్ ఫార్మాట్ ఆటోమేటిక్‌లో ఉంటే, తేదీలా కనిపించే దేన్నైనా షీట్స్ తేదీగానే తీసుకుంటుంది. 5-3-12 అంటే దానికి 2012 మార్చి 5. లోపల దాచుకునేది ఒక అంకె మాత్రమే, 1899 డిసెంబరు 30 నుంచి ఎన్ని రోజులన్నది. అందుకే ఇప్పుడు ఫార్మాట్‌ను ప్లెయిన్ టెక్స్ట్‌కు మార్చినంత మాత్రాన 5-3-12 తిరిగి రాదు. తిప్పి రాబట్టాలి:

=డే(ఏ2)&"-"&మంత్(ఏ2)&"-"&మోడ్(ఇయర్(ఏ2),100)

మోడ్ ఎందుకంటే సంవత్సరం 2012 అయినా 1912 అయినా మనకు కావలసింది చివరి 12 మాత్రమే. తేదీగా మారిన వాటికే ఇది వర్తించాలి కనుక మొత్తాన్ని ఇఫ్‌లో పెట్టండి: =ఇఫ్(ఇస్‌నంబర్(ఏ2), పై ఫార్ములా, ఏ2). ఫైల్ లొకేల్ (ఏ దేశం పద్ధతిలో తేదీలు చదవాలో చెప్పే సెట్టింగ్) అమెరికాది అయితే 5-3-12ను మే 3గా చదివి ఉంటుంది, అప్పుడు డే, మంత్ చోట్లు మార్చాలి. ఏది జరిగిందో తెలుసుకోవడానికి రసీదు పుస్తకంలోంచి నాలుగు ఇళ్ళు తీసి పోల్చండి. రెండు ముక్కల నంబరు, అంటే 3-12 లాంటిది, టైప్ చేసిన ఏడాదిలో డిసెంబరు 3 అయి కూర్చుంటుంది. దానికి సంవత్సరం ముక్క వద్దు. అసలు నంబరులో 5-03-12 అని సున్నా ఉండి ఉంటే ఆ సున్నా పోయింది, ఫార్ములా తేలేదు.

వచ్చిన ఫలితాన్ని అతికించే ముందే ఏ కాలమ్ సెలెక్ట్ చేసి ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్ పెట్టండి. ముందు అతికించి తర్వాత ఫార్మాట్ మార్చుదామనుకుంటే కథ మొదటికొచ్చే ప్రమాదం ఉంది. పనిలో పని, సి కాలమ్‌కూ ప్లెయిన్ టెక్స్టే పెట్టండి. ఫోన్ నంబరు +91తో మొదలుపెట్టి మధ్యలో ఖాళీ వదిలితే దాన్ని ఫార్ములా అనుకుని ఎర్రర్ చూపిస్తుంది.

ఇక 5-10-3 ముందు రావడం. టెక్స్ట్‌ను అక్షరం అక్షరం పోలుస్తుంది. 5- దాకా రెండూ ఒకటే, ఆ తర్వాత 1 ముందా 2 ముందా అని చూస్తుంది. 10 అన్న సంఖ్య దానికి కనబడదు. దీనికి డోర్ నంబరును ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ నాలుగంకెలు చేసి, సార్ట్ కోసమే ఒక కాలమ్ కట్టాలి. దాన్ని డోర్ కీ అందాం. ఒక ముక్కకు:

=టెక్స్ట్(ఇండెక్స్(స్ప్లిట్(ఏ2,"-/"),1,1),"0000")

స్ప్లిట్‌లో "-/" అని రెండు గుర్తులిస్తే ఏది కనబడినా అక్కడ విడగొడుతుంది, కాబట్టి 8-3-228/2 లాంటివీ నాలుగు ముక్కలవుతాయి. చివరి 1 బదులు 2, 3, 4 పెట్టి నాలుగు ముక్కలూ & తో కలపండి. మూడు, నాలుగు ముక్కలను ఇఫ్‌ఎర్రర్(…,"")లో చుట్టండి, అన్ని నంబర్లకూ అవి ఉండవు. 5-2-7 కాస్తా 000500020007, 5-10-3 కాస్తా 000500100003 అవుతాయి. ఇప్పుడు అక్షరం అక్షరం పోల్చినా సంఖ్యల క్రమమే వస్తుంది. 228/ఎ లాంటి వాటిలో ఎ అక్షరంగానే ఉండిపోతుంది, 228 వెనకే వచ్చి కూర్చుంటుంది, అదే కావాలి.

స్ప్లిట్ చేసిన ముక్కలను నాలుగు కాలమ్‌లలో పరిచి, నాలుగు కాలమ్‌లతో సార్ట్ చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. కానీ నాలుగో ముక్క లేని 8-3-228కి ఆ సెల్ ఖాళీ. ఖాళీలు అడుగుకు పోతాయి కనుక అది 8-3-228/2 తర్వాత వస్తుంది. ఒకే కీ కాలమ్‌లో ఆ చిక్కు లేదు. పైగా ఈ ఫార్ములా తన వరుసలోని ఏ సెల్‌నే చూస్తుంది, ఎన్నిసార్లు సార్ట్ చేసినా చెదరదు. కీ కాలమ్‌ను హైడ్ చేసి ఉంచండి.

---

లిపి_లెక్క జవాబు:

తేదీలు ఎడమకీ కుడికీ ఎందుకు పోతున్నాయంటే, మీ ఫైల్ లొకేల్ అమెరికాలో ఉన్నట్టుంది. ఫైల్, సెట్టింగ్స్, జనరల్‌లో చూడండి. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. ఏప్రిల్ 13కు 13/04/2024 అని కొడితే పదమూడో నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా వదిలేస్తుంది, ఎడమకు అంటుకుంటుంది. ఏప్రిల్ 5కు 05/04/2024 అని కొడితే మే 4గా తీసుకుని కుడికి పెడుతుంది. ఆరోహణ క్రమంలో అంకెలు (తేదీలూ అంకెలే) ముందు, టెక్స్ట్ తర్వాత, ఖాళీలు చివర. అందుకే రెండు గుంపులు.

ఎడమకు ఉన్నవి తప్పని అందరికీ కనబడుతుంది. నిజంగా ప్రమాదం కుడికి ఉన్నవాటితో. అవి తేదీల్లా ఉన్నాయి, సార్ట్ అవుతాయి, నెలవారీ మొత్తాల్లో చేరతాయి, కానీ ఏప్రిల్ వసూలు మే లెక్కలో పడుతుంది. 5/5, 6/6 లాంటివి మాత్రమే కాకతాళీయంగా ఒప్పు.

లొకేల్‌ను ఇండియాకు మారిస్తే ఇకముందు కొట్టేవి సరిగ్గా పడతాయి, ఇప్పటికే పడ్డవి మారవు. మే 4గా దాచుకున్నది మే 4గానే ఉంటుంది. అంతకుముందు 5/4/2024గా కనిపించి మనకు ఒప్పు అనిపించింది, ఇప్పుడు 4/5/2024గా తిరగబడి కనబడొచ్చు. లొకేల్ మార్చడం వల్ల తేదీలు చెడిపోయాయని వెనక్కి మార్చకండి, అవి ముందు నుంచీ తప్పే.

దిద్దడానికి పక్క కాలమ్‌లో ఒకేసారి:

=ఇఫ్(ఇ2="", "", ఇఫ్(ఇస్‌నంబర్(ఇ2), డేట్(ఇయర్(ఇ2), డే(ఇ2), మంత్(ఇ2)), డేట్(ఇండెక్స్(స్ప్లిట్(ఇ2,"/"),1,3), ఇండెక్స్(స్ప్లిట్(ఇ2,"/"),1,2), ఇండెక్స్(స్ప్లిట్(ఇ2,"/"),1,1))))

తేదీ అయితే రోజూ నెలా తారుమారు చేస్తుంది, టెక్స్ట్ అయితే విడగొట్టి కడుతుంది. ఇది చేసేటప్పుడు మిగతా అయిదుగురినీ ఎడిట్ చేయొద్దనండి. లొకేల్ మార్చాక ఎవరైనా ఒప్పుగా ఎక్కించిన తేదీని ఈ ఫార్ములా తిప్పి తప్పు చేస్తుంది. అమెరికా లొకేల్‌లో ఎక్కిన వరుసలకు, ఒక్కసారే. మొదలుపెట్టే ముందు ఫైల్, వెర్షన్ హిస్టరీ, నేమ్ కరెంట్ వెర్షన్‌తో "తేదీలు దిద్దక ముందు" అని పేరు పెట్టి ఉంచుకోండి. విలువలుగా అతికించాక ఫార్మాట్, నంబర్, కస్టమ్ డేట్ అండ్ టైమ్‌లో నెల పేరు అక్షరాల్లో వచ్చే రకం ఎంచుకోండి. 05 ఏప్రిల్ అని కనబడితే ఎవరూ పొరబడరు. తర్వాత డేటా, డేటా వాలిడేషన్‌లో ఇ కాలమ్‌కు ఈజ్ వ్యాలిడ్ డేట్ నియమం పెట్టి, రిజెక్ట్ ద ఇన్‌పుట్ ఎంచుకుంటే 31/04 లాంటివి ఇక లోపలికి రావు.

రెండు గాంధీనగర్‌ల విషయానికి వస్తాను. తెలుగులో టైప్ చేసేవాళ్ళందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. పొల్లు అక్షరం తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట కింద వ ఒత్తుగా పడకుండా ఆపేది అదే. గాంధీనగర్ చివరి ర్ తర్వాత అది ఉన్నా లేకపోయినా కంటికి ఒకటే, షీట్స్‌కు మాత్రం రెండు వేర్వేరు వీధులు.

=లెన్(డి2) పెట్టి చూడండి. గాంధీనగర్ అన్న మాట ఒక్కటే ఉంటే గ, దీర్ఘం, సున్న, ధ, గుడి దీర్ఘం, న, గ, ర, పొల్లు కలిపి 9. పది వచ్చిందంటే చివర ఆ గుర్తో, ఖాళీనో ఉంది. తీయడానికి:

=ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(సబ్‌స్టిట్యూట్(డి2, యూనిచార్(8204), ""), యూనిచార్(160), " "))

160 అన్నది వెబ్ పేజీల లాంటి చోట్ల నుంచి కాపీ చేస్తే వచ్చే ఒక రకం ఖాళీ. డేటా క్లీనప్‌లోని ట్రిమ్ వైట్‌స్పేస్ దాన్ని తీయదు, అందుకే విడిగా మార్చాలి.

ఒక జాగ్రత్త. 8204ను పేర్ల కాలమ్‌లో గుడ్డిగా తీసేయకండి. సాఫ్ట్‌వేర్ లాంటి మాట మధ్యలోంచి తీస్తే అక్షరాలు ఒత్తులుగా అతుక్కుని సాఫ్ట్వేర్ అవుతుంది, రసీదు మీద మనుషుల పేర్లు అలా పడితే బాగోదు. పేర్లకు శుభ్రం చేసిన రూపం పక్క కాలమ్‌లో సార్ట్‌కు, పోల్చడానికి మాత్రమే ఉంచి, కనిపించే పేరును దాని మానాన వదిలేయండి. వీధులైతే పదో పన్నెండో ఉంటాయి. ఒకసారి శుభ్రం చేశాక డేటా వాలిడేషన్‌లో డ్రాప్‌డౌన్ పెట్టేయండి, టైప్ చేసే పనే ఉండదు.

పేర్లు ఇంటి పేరుతో ఒకరు, ఇనీషియల్‌తో ఒకరు రాస్తే ఏ సార్టూ సర్దలేదు. ఇంటి పేరుకు వేరే కాలమ్ పెట్టండి.

---

చిట్టా_ఆవర్జా జవాబు:

పైవాళ్ళు చెప్పినవన్నీ సరే. కానీ మీ జి కాలమ్ అలాగే ఉంటే మొదటి సార్ట్‌కే మళ్ళీ పాడవుతుంది. పై వరుస బాకీని తీసుకునే ఫార్ములాకు పై వరుస ఎవరిదన్నది తెలియదు. సార్ట్ తర్వాత పైన ఇంకెవరి ఇల్లో ఉంటుంది, వాళ్ళ బాకీ వీళ్ళ నెత్తిన పడుతుంది.

అసలు చిక్కు ఒకే షీట్‌లో రెండు రకాల వరుసలు ఉండటం. ఇంటి వివరం ఒకటి, వసూలు ఒకటి. చిట్టా (రోజువారీ జమాఖర్చుల పుస్తకం) వేరు, ఆవర్జా (ఖాతాల పుస్తకం) వేరు అని కాగితం లెక్కల్లో పాటించేదే ఇక్కడా పాటించండి. ఇళ్ళు అని ఒక ట్యాబ్: ఇంటికి ఒక వరుస. వసూళ్ళు అని ఒక ట్యాబ్: ప్రతి రసీదుకు ఒక వరుస, తేదీ, ఇంటి కోడ్, మొత్తం, రసీదు నంబరు. ఇంటి కోడ్ అంటే హెచ్001, హెచ్002 అని మీరిచ్చేది. డోర్ నంబరే కోడ్‌గా వాడొద్దు. తేదీలా కనిపించేది దేన్నీ జోడింపుకు ఆధారం చేసుకోకూడదు, పైగా ఒకే డోర్ నంబరులో రెండు పోర్షన్లుంటే రెండూ కలిసిపోతాయి.

ఇళ్ళు ట్యాబ్‌లో బాకీ ఇలా వస్తుంది: ఆ ఇంటి పాత బాకీ, దానికి కట్టవలసిన మొత్తం కలిపి, అందులోంచి =సమ్‌ఇఫ్(వసూళ్ళు!బి:బి, ఏ2, వసూళ్ళు!సి:సి) తీసేయండి. ఇక్కడ ఏలో ఇంటి కోడ్ ఉందనుకున్నాను. ఇది పై వరుసను చూడదు, ఎటు సార్ట్ చేసినా అదే అంకె. వసూళ్ళు ట్యాబ్‌ను సార్ట్ చేయాల్సిన పనే లేదు, కొత్తది ఎప్పుడూ కిందనే చేరాలి.

మరో ట్యాబ్‌లోంచి =ఇళ్ళు!జి15 అని నేరుగా సెల్‌ను పట్టుకున్న ఫార్ములాలుంటే వెతికి మార్చండి. సార్ట్ తర్వాత 15వ వరుసలోకి వేరే ఇల్లొస్తుంది, ఫార్ములా మాత్రం జి15నే చూస్తుంది. కోడ్‌తో ఎక్స్‌లుకప్ పెట్టాలి. వీలుకప్ అలవాటైతే చివర ఫాల్స్ మర్చిపోకండి. అది లేకపోతే కోడ్‌లు వరుస క్రమంలో ఉన్నాయనుకుని దగ్గరి దాన్నిచ్చేస్తుంది, ఎర్రర్ కూడా చూపదు.

ఫిల్టర్ గురించి. డేటా మెనూలో క్రియేట్ ఎ ఫిల్టర్ అన్నది అందరిదీ. ఒకరు పెడితే ఆరుగురికీ వరుసలు దాగిపోతాయి. అందులోంచి సార్ట్ చేస్తే వరుసలు నిజంగానే కదులుతాయి, ఫిల్టర్ తీసేసినా పాత క్రమం రాదు. మీకు కావలసింది క్రియేట్ ఫిల్టర్ వ్యూ. తెరవగానే షీట్ చుట్టూ ముదురు రంగు అంచు వస్తుంది, అక్కడ చేసిన సార్ట్, ఫిల్టర్ ఆ వ్యూకే పరిమితం. వీధి వారీ అని ఒకటి (వీధి, డోర్ కీ), బాకీ వారీ అని ఒకటి (బాకీ పెద్దది ముందు) చేసి సేవ్ చేసుకోండి. వ్యూ తెరిచి ఉన్నప్పుడు అడ్రస్ బార్‌లోని లింక్ కాపీ చేసి కోశాధికారికి పంపితే నేరుగా అందులోనే తెరుచుకుంటుంది. అయితే వ్యూలో ఉండి సెల్‌లో మార్పు చేస్తే అది అసలు షీట్‌లోనే పడుతుంది. క్రమం మాత్రమే వేరు, డేటా ఒకటే.

కింద మొత్తం వరుస ఉంటే పైకి తెచ్చేయండి. సార్ట్ చేస్తే అది కూడా ఒక ఇల్లులా మధ్యలోకి పోతుంది. ఒకటో వరుసలో మొత్తం, రెండో వరుసలో హెడ్డింగ్, రెండూ ఫ్రీజ్. మొత్తానికి సమ్ బదులు =సబ్‌టోటల్(109, రేంజ్) పెడితే ఫిల్టర్‌లో కనిపిస్తున్న ఇళ్ళకే కూడుతుంది. వీధికీ వీధికీ మధ్య వదిలిన ఖాళీ వరుసలు కూడా తీసేయండి. రో గ్రూపింగ్ వాడితే గుర్తుంచుకోండి, గ్రూపు అంటుకున్నది వరుస నంబరుకు, ఆ ఇంటికి కాదు. సార్ట్ చేస్తే ఇళ్ళు మారతాయి, గ్రూపు అక్కడే ఉంటుంది.

---

కాలనీ_ఖాతా:

పేర్లు సరిపోయాయి, "దొరకలేదు" అని మూడే వచ్చాయి, అవి కొత్త ఇళ్ళే. రసీదులతో చూస్తే డోర్ నంబర్లు నెల ముందుగా చదివినట్టు తేలింది, డే, మంత్ మార్చి పెట్టాం. ఇంకో అనుమానం. సభ్యులు చూసుకోవడానికి వేరే ట్యాబ్‌లో =సార్ట్ ఫార్ములాతో బాకీ జాబితా పెట్టి, పక్కన "ఫోన్ చేశాం", "వచ్చే వారం ఇస్తారు" అని రాసుకోవచ్చా?

---

చిట్టా_ఆవర్జా:

జాబితా పెట్టొచ్చు, పక్కన రాయకూడదండి. =సార్ట్(ఇళ్ళు!ఏ3:జి, 7, ఫాల్స్) అంటే ఏడో కాలమ్ ప్రకారం పెద్దది ముందు. ఎవరో డబ్బు కట్టగానే వాళ్ళ వరుస కిందికి పోతుంది. మీరు పక్కన చేత్తో రాసిన మాట మాత్రం అక్కడే ఉండి, పైకొచ్చిన ఇంకో ఇంటికి అంటుకుంటుంది. కట్టేసినవాళ్ళకు మళ్ళీ ఫోన్ చేయడం, కట్టనివాళ్ళను వదిలేయడం ఇక్కడి నుంచే వస్తుంది. ఆ మాటలకు ఇళ్ళు ట్యాబ్‌లోనే హెచ్ కాలమ్ పెట్టి, ఫార్ములాలో జి బదులు హెచ్ దాకా రేంజ్ ఇవ్వండి. అప్పుడు మాట కూడా వరుసతో పాటే కదులుతుంది.

సార్ట్ ఫలితం పరుచుకునే చోట ఒక్క సెల్‌లో ఎవరైనా ఏదైనా టైప్ చేసినా జాబితా మొత్తం మాయమై రెఫ్ ఎర్రర్ వస్తుంది. ఆ సెల్ ఖాళీ చేస్తే తిరిగొస్తుంది. కాబట్టి ఆ ట్యాబ్‌ను డేటా, ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్‌తో కాపాడండి. ఇళ్ళు ట్యాబ్‌లో కోడ్, డోర్ నంబరు కాలమ్‌లకూ రక్షణ పెట్టొచ్చు. అనుమతి లేనివాళ్ళు అక్కడ సార్ట్ కొట్టినా జరగదు, మీ విషయంలో అది మంచిదే. వాళ్ళకు ఫిల్టర్ వ్యూ ఎలాగూ ఉంది.

---

గడి_నుడి:

సభ్యులకు చూపే జాబితాలో ఫోన్ కాలమ్ రానివ్వకండి. సార్ట్‌కు ఏ నుంచి హెచ్ దాకా ఇస్తే అన్నీ వస్తాయి. కావలసిన కాలమ్‌లే కావాలంటే క్వెరీ ఫంక్షన్‌లో సెలెక్ట్ కింద వాటి అక్షరాలిచ్చి, ఆర్డర్ బైలో బాకీ కాలమ్ పెట్టండి. క్వెరీతో ఒక్కటి చూసుకోవాలి. ఒక కాలమ్‌లో అంకెలూ టెక్స్టూ కలిసి ఉంటే ఎక్కువ ఉన్న రకాన్నే ఉంచి మిగతావి ఖాళీగా చూపిస్తుంది. డోర్ నంబర్లు అన్నీ ప్లెయిన్ టెక్స్ట్ అయ్యాకే వాడండి, లేకపోతే కొన్ని ఇళ్ళకు డోర్ నంబరు లేకుండా జాబితా వస్తుంది. ఇక కాలమ్ హైడ్ చేస్తే చాలదు. ఫైల్ చూసే అనుమతి ఉన్నవాళ్ళు కాపీ తీసుకుని దాన్ని తెరుచుకోగలరు. సభ్యులకిచ్చే జాబితా వేరే ఫైల్‌లో పెట్టి, ఇంపోర్ట్‌రేంజ్ (ఒక ఫైల్‌లోని సెల్స్‌ను ఇంకో ఫైల్‌లోకి తెచ్చే ఫంక్షన్) తో అవసరమైన కాలమ్‌లు మాత్రమే తెప్పించుకోండి. అందుకూ ఒక మెలిక ఉంది: ఇంపోర్ట్‌రేంజ్‌కు ఒకసారి అనుమతి ఇచ్చాక, ఆ కొత్త ఫైల్‌ను ఎడిట్ చేయగలిగిన ఎవరైనా రేంజ్ మార్చి ఫోన్ కాలమ్ కూడా రప్పించగలరు. సభ్యులకు వ్యూయర్ అనుమతి మాత్రమే ఇవ్వండి.